గుర్తుపెట్టుకోవడం కూడా పనేనండీ

(కోనసీమలో తల్లుల కోసం జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్లక్కర్లేదు, ఏడవనివ్వండి. తల్లుల సభలో ఏడుపు వినపడకపోతేనే అనుమానించాలి.

సరే. ఇప్పుడు, ఈ నిమిషంలో, మీ బుర్రలో ఏం తిరుగుతోందమ్మా? నా ఉపన్యాసం కాదని నాకు తెలుసు లెండి. మోటారు ఆపమని ఎవరికైనా చెప్పానా, ట్యాంకు పొంగిపోతోందేమో. పెద్దాడికి రేపు హిందీ పరీక్ష. చిన్నదాని దగ్గుమందు ఇంక రెండు పూటలకే ఉంది. గ్యాస్ బండ బుక్ చేసి ఎన్నాళ్లైంది. శనివారం పెళ్లికి చదివింపులు ఎంత. అత్తగారి బీపీ మాత్రలు. ఎన్నయ్యాయి? ఆరు. మనిషి బుర్ర ఒక్కసారి చేతిలో పట్టుకున్నట్టు పట్టుకోగలిగేది నాలుగు విషయాలు, అటూ ఇటూగా నాలుగేనని నెల్సన్ కోవాన్ అనే ఆయన 2001లో లెక్క తేల్చారు. మీరు ఆరు పట్టుకుని, ఏడోదిగా నా మాట వింటున్నారు. జారిపోకుండా ఎలా ఉంటుంది?

జారిపోతే ఏమంటాం? "నాకు మతిమరుపు వచ్చేసింది" అంటాం. మతిమరుపు కాదమ్మా. పట్టే జాగా కంటే సరుకు ఎక్కువైంది, అంతే.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఒక సర్వే చేసింది, జనం రోజులో టైము దేనికి ఖర్చు పెడుతున్నారని. ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఐదు గంటలకీ గంటన్నరకీ ఉన్న తేడా. ఇది వంట, అంట్లు, బట్టలు, తుడుపు. మరి కూర కలుపుతూ కలుపుతూ "ఈ నెల స్కూలు ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు" అని ఆలోచించారు చూడండి, అది ఎవరి లెక్కలో పడింది? కూర లెక్కలోనే కలిసిపోయింది.

అమెరికాలో ఆలిసన్ డామింజర్ అనే ఆవిడ 35 జంటలతో విడివిడిగా మాట్లాడి 2019లో ఒక పరిశోధన రాశారు. ఇంటి గురించి ఆలోచించే పనిని నాలుగు ముక్కలు చేశారావిడ. ముందుగా పసిగట్టడం. దారులు వెతకడం. తేల్చుకోవడం. అయిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. పిల్లాడి బూట్లు తీసుకోండి. బొటనవేలు ముందుకి తగులుతోందని చూసింది ఎవరు? అమ్మ. బజార్లో ఎక్కడ దొరుకుతాయి, ఎంతవుతుంది, స్కూలువాళ్లు నలుపే అన్నారా, కనుక్కుంది ఎవరు? అమ్మ. కొందాం అని తేల్చింది ఇద్దరూ. నాన్న బండి మీద తీసుకెళ్లి డబ్బులు కట్టి తెచ్చాడు. పాపం నిజంగానే పని చేశాడండీ, కాదనను. వారం తర్వాత మడమ దగ్గర బొబ్బ లేచిందేమోనని సాక్సు విప్పి చూసింది ఎవరు? మళ్లీ అమ్మే. డామింజర్ గారికి అక్కడ కనిపించింది కూడా సరిగ్గా ఇదే. తేల్చుకునే దగ్గర ఇద్దరూ ఉంటున్నారు. మొదటి ముక్క, చివరి ముక్క ఆడవాళ్ల మీద పడుతున్నాయి.

(బూట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: పిల్లాణ్ణి నిలబెట్టి చూడండి, కూర్చోబెట్టి కాదు. పొడుగాటి వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.)

మన డెల్టాలో కాలువకి లస్కరు ఉంటాడు కదా. రాత్రి రైతు నిద్రపోతున్నాడంటే, తలుపుల దగ్గర నీరెంత వస్తోందో చూసేవాడు ఒకడు ఉన్నాడని ధైర్యం. ఇంట్లో లస్కరు డ్యూటీ అమ్మది. కాకపోతే ఈ డ్యూటీలో షిఫ్టు మారదు.

అందుకే "నువ్వు చెప్పు, నేను చేస్తాను" అనే మాట ఉంది చూడండి... వెనక నిలబడ్డ నాన్నలు నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వండి. మంచి మనసుతోనే అంటారు ఆ మాట. కానీ చెప్పాలంటే ముందు గుర్తుండాలి. గుర్తుండాలంటే కాపలా కాయాలి. చెప్పాక అయిందో లేదో మళ్లీ అడగాలి. అడిగితే "ఎన్నిసార్లు గుర్తుచేస్తావు" అని విసుగు. చేసే చెయ్యి మారింది గానీ కాపలా మారలేదు. ఈవేళ నేను చెప్పబోయేదంతా ఈ కాపలాని పంచుకోవడం గురించే. మిగతావన్నీ దాని చుట్టూ చిల్లర.

ముందు బుర్ర ఖాళీ చెయ్యాలి. ఎలా? పిల్లలు పడుకున్నాక ఒక 20 నిమిషాలు, ఒక పెద్ద కాగితం, పెన్ను. ఫోన్లో వద్దు. ఫోన్ తీస్తే వాట్సాప్ లాగేస్తుంది, మీకు తెలుసు, నాకూ తెలుసు. వరస అక్కర్లేదు, పెద్దదా చిన్నదా అక్కర్లేదు. మీరు కనిపెట్టుకుని ఉన్నవన్నీ రాయండి. గోళ్లు తియ్యడం దగ్గర్నుంచి డ్వాక్రా వాయిదా దాకా. పేజీ దాటుతుంది, భయపడకండి.

రాశాక ప్రతి లైను పక్కన రెండు మాటలు రాయాలి. ఎవరు, ఎప్పుడు. "చిన్నదానికి టీకా" అని రాసి వదిలేస్తే బుర్ర వదలదు. "ఏఎన్ఎం గారు వచ్చే రోజు, పొద్దున 10 గంటలకి, మావయ్య గారు తీసుకెళ్తారు" అని రాస్తే వదులుతుంది. సగంలో ఆగిన పని బుర్రని గిల్లుతూనే ఉంటుందని జైగార్నిక్ అనే ఆవిడ 1927లోనే చెప్పారు. పని పూర్తి కాకపోయినా పర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా రాసుకుంటే ఆ గిల్లుడు తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు ప్రయోగం చేసి చూపించారు. రాయడం వల్ల కాదమ్మా, ఖాయం చెయ్యడం వల్ల. ఉత్త జాబితా రాస్తే ఇంకా కంగారు పుడుతుంది, అందుకే చాలామంది రెండు రోజులు రాసి మానేస్తారు.

ఇంకో మాట. ప్రతి లైను దగ్గరా ఆగి "ఇది చెయ్యకపోతే ఏమవుతుంది" అని అడగండి. కొన్నింటికి జవాబు "ఏమీ కాదు" అని వస్తుంది. బనీన్లకి ఇస్త్రీ చెయ్యకపోతే ఏమవుతుంది? సర్కారు బడిలో డొక్కా సీతమ్మ గారి పేరు మీద మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు, అయినా పిల్లాడు ఏమైపోతాడోనని రోజూ విడిగా క్యారేజీ కట్టేవాళ్లు ఉన్నారు. వాడు తినగలిగితే అక్కడే తిననివ్వండి. ఆ లైను కొట్టెయ్యండి.

ఇప్పుడు అప్పజెప్పడం. ఇక్కడే కాసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడే అందరూ పడిపోతారు.

అప్పజెప్పాల్సింది పనిని కాదు, ఆ పని తాలూకు నాలుగు ముక్కల్నీ. మంచినీళ్ల టిన్ను ఉందనుకోండి. భీమవరం, నరసాపురం వైపు బోరు నీళ్లు ఉప్పు, ప్రతి ఇంట్లోనూ 20 లీటర్ల టిన్ను పడాల్సిందే. "టిన్ను తెండి" అంటే సాయం అడిగినట్టు. "నీళ్ల వ్యవహారం ఇక మీది" అంటే అప్పజెప్పినట్టు. ఎంత మిగిలిందో చూడడం, ఆటో వచ్చే టైము, చిల్లర, ఖాళీ టిన్ను లెక్క, చుట్టాలొస్తే రెండోది, అన్నీ ఆయనవి. మీరు టిన్ను వైపు చూడకూడదు. చూడలేకుండా ఉండడం కష్టం. చూడకూడదు.

ఎలాంటివి ముందు అప్పజెప్పాలి? హద్దు స్పష్టంగా ఉన్నవి, పదేపదే వచ్చేవి. నీళ్లు, గ్యాస్ బండ, మోటారు, కరెంటు బిల్లు, పాల ఖాతా, స్కూలు వాట్సాప్ గ్రూపు. ఆఖరిది చిన్నదనుకుంటారు గానీ బరువంతా అక్కడుంది. రాత్రి తొమ్మిదిన్నరకి "రేపు చార్టు తేవాలంట" అని బయటపడేది అక్కడే, ఫ్యాన్సీ షాపు కట్టేశాక. ఆ గ్రూపు చూసే మనిషి ఒక్కరే ఉండాలి, సాయంత్రం 7 గంటలకి ఒక్కసారి చూడాలి. ఇంట్లో ఒక డబ్బాలో రెండు తెల్ల చార్టులు, జిగురు, స్కెచ్ పెన్నులు, నాలుగు అట్ట కాగితాలు, పిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలు అరడజను, ఆధార్ జిరాక్సులు ఐదు పెట్టేసుకోండి. సగం అర్ధరాత్రి గొడవలు ఆ డబ్బాతో పోతాయి.

మొదట్లో అప్పజెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. జ్వరం మందు అలాంటిది. పారాసిటమాల్ మోతాదు పిల్లల బరువుని బట్టి ఉంటుంది, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అదే మందు 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది, 250దీ దొరుకుతుంది. సీసా మారి, చెంచా మారకపోతే రెట్టింపు పడిపోతుంది. అందుకని పిల్లల బరువు, డాక్టరు చెప్పిన మోతాదు, ఏ సీసాకి ఎంత అన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాక, అప్పుడు అప్పజెప్పండి.

పద్ధతేమిటంటే, ఒక్కసారి కూర్చుని పది నిమిషాలు మాట్లాడండి. కోపంలో కాదు, పోట్లాట మధ్యలో అసలే కాదు. ఎంతవరకు అయితే అయినట్టు అన్నది ముందే అనుకోండి. "యూనిఫాం మీది" అంటే ఉతకడమా, ఆరెయ్యడమా, ఊడిన బొత్తాం కుట్టడం కూడానా? ఊడిన బొత్తాం కూడా. అనుకున్నాక మూడు వారాలు గుర్తుచెయ్యకూడదు.

ఏం బెడిసికొడుతుందో చెప్తాను. ఒకటి, షాపు నుంచి ఫోను. "ఏ కంపెనీది? ఎంత? అది లేదంట, ఇది తేనా?" తేల్చడం మళ్లీ మీకే వచ్చి పడింది. కోపంగా కాకుండా ఒకటే జవాబు, "మీ ఇష్టమండీ." తెచ్చింది బాగోకపోయినా ఆ నెల అదే వాడండి. రెండు, ఆలస్యం. ఆయన ఇంకా లేవలేదని మీరే చేసేస్తారు. ఒక్కసారి చేశారంటే పని మీ దగ్గరికి తిరిగొచ్చేసినట్టే. సాయంత్రం నీళ్లు అయిపోతాయి, అయిపోనివ్వండి. ఒక పూట పక్కింట్లో చెంబు అడుక్కుంటారు, అంతేగా. వరద రోజుల్లో మాత్రం ఈ పట్టుదల వద్దు, దాని సంగతి తర్వాత చెప్తా. మూడు, వంక. తువ్వాలు మడత ఇలాక్కాదు, అలాక్కాదు. మడత పెట్టిన మనిషి రేపు పెట్టడు.

నాలుగోది... అత్తగార్లు కూడా వచ్చారు ఇక్కడికి, నమస్కారమమ్మా. "మావాడి చేత అంట్లు తోమిస్తోంది" అనే మాట ఒకటి ఉంటుంది. దానికి పెద్దగా వాదించక్కర్లేదు. ఆవిడ ఎదురుగుండా కొడుక్కి అంట్లు కాకుండా బిల్లులు, గ్యాసు, స్కూలు గ్రూపు అప్పజెప్పండి. వాటిని ఎవరూ ఆడపని అనరు. బరువు చూస్తే అంట్ల కంటే అవే ఎక్కువ. ఇది కొంచెం తెలివితేటల మాటే, ఒప్పుకుంటాను.

మరి ఆయన కువైట్లోనో దుబాయ్‌లోనో ఉంటే? మన వైపు ప్రతి వీధిలోనూ ఉన్న ప్రశ్నే. దూరంగా ఉన్నవాళ్లు చేత్తో చెయ్యలేరు గానీ కాపలా కాయగలరు. ఫీజు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, స్కూలు గ్రూపు, టీకా తేదీలు, ఇవన్నీ ఫోనులో ఉండేవే. టైము చూసుకోండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర. మనకి పొద్దున 6:30 అంటే కువైట్లో తెల్లవారుజాము 4, అప్పుడు సాయం ఆశించకండి. రాత్రి 8 గంటలకి అక్కడ 5:30. హోంవర్కు వీడియో కాల్లో ఆయన చేయించొచ్చు, ఆ అరగంట మీరు ఆ గదిలో ఉండకూడదు. వెళ్లింది ఆయన కాకుండా తల్లే అయితే, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటే, ఈ కాగితం అమ్మమ్మకి కావాలి. అరవై ఏళ్ల మనిషికి స్కూలు యాప్ ఒక్కటీ నేర్పించి వదిలెయ్యకండి. యాప్ కువైట్లో ఉన్న తల్లి చూసుకుంటుంది, అన్నం అమ్మమ్మ చూసుకుంటుంది.

పొద్దుటి హడావిడి సంగతి. పొద్దున పనెక్కువ కావడం ఒకటి, తేల్చుకోవాల్సినవి పొద్దున దాకా ఉంచుకోవడం ఇంకొకటి. రెండోదే ప్రాణం తీస్తుంది. "ఏం టిఫిను చెయ్యను" అని రోజూ అడుగుతాం. ఎవరూ చెప్పరు. వారానికి ఒకసారి తేల్చి గోడకి రాసెయ్యండి. ఆదివారం సాయంత్రం 2 గ్లాసుల మినపగుళ్లు, 4 గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నాననివ్వండి, రవ్వ కడిగి గట్టిగా పిండాలి, పిండకపోతే ఇడ్లీ జావ అవుతుంది. నలుగురున్న ఇంటికి మూడు పొద్దులొస్తుంది. సోమవారం ఇడ్లీ, మంగళవారం దిబ్బరొట్టె, బుధవారానికి పులుస్తుంది కాబట్టి పునుకులో ఊతప్పమో. గురువారం పెసరట్టు, రాత్రి నానబోస్తే చాలు, పులియక్కర్లేదు. శుక్రవారం ఉప్మా. శనివారం పెరుగన్నం, ఆవకాయ బద్ద. ఎవరూ చచ్చిపోరు. మే నెలలో పిండి ఐదారు గంటలకే పొంగుతుంది, పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. ధనుర్మాసం చలికి రాత్రంతా ఉంచినా లేవదు, అప్పుడు మధ్యాహ్నమే రుబ్బుకోవాలి.

రాత్రి పావుగంట పని, పిల్లలతోనే చేయించండి. బ్యాగు, సాక్సులు, నీళ్ల సీసా, యూనిఫాం ఒక్కచోట. ఏడేళ్ల పిల్లలు చెయ్యగలరు. వర్షాకాలం రెండు జతలతో నడవదు, తడి ఆరదు. ఆగస్టంతా ఆరిందా లేదా అని తలుపు వెనక తడుముకునే కన్నా మూడో జత కుట్టించేసుకోండి. అది దుబారా కాదు.

రోజుది సరే, మరి ఏడాది? మన ప్రాంతానికి ఒక వరస ఉంది. జూన్ 12 ప్రాంతంలో బడులు, పుస్తకాలు, ఫీజులు. జులై, ఆగస్టు వరద, దాని మీదే శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం. కార్తీకంలో చీకటి స్నానాలు, ఉపవాసాలు. సంక్రాంతికి కొత్త అల్లుళ్లు, పిండివంటలు, నెలాఖరు దాకా చుట్టాలు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు. ఏప్రిల్, మేలో కాలువలు కట్టేస్తారు, నీళ్లకి ఇబ్బంది, అప్పుడే ఆవకాయ, అప్పుడే వడియాలు, పిల్లలు ఇంట్లోనే. ఇందులో ఏదైనా మనకి తెలియకుండా వస్తోందా? రాదు కదా. క్యాలెండరు తీసి, ప్రతి బరువు నెలకి మూడు వారాల ముందు ఒక గీత పెట్టండి. ఆ గీత రోజున ఒకటే తేల్చాలి, ఈసారి ఏది మానేస్తున్నాం. అరిసెలు ఆర్డరిస్తామా, పూతరేకులు ఎలాగూ ఆత్రేయపురం నుంచి కొనేవే. పిండివంటలు కొన్న ఇంటిని తక్కువ చూసే కాలం పోయింది. పోనివాళ్లు ఉంటే వాళ్ల బాధ వాళ్లది.

టీకాల్లో మరిచిపోయేది ఎక్కడో తెలుసా? మొదట్లో ఎవరూ మరవరు, ఆరు, పది, పద్నాలుగు వారాలు, వరసగా ఉంటాయి. 9 నెలలది అయ్యాక ఖాళీ వస్తుంది, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య. ఆ తర్వాత 5–6 ఏళ్లకి, మళ్లీ 10కి, 16కి. ఈ ఖాళీల్లోనే జారిపోతుంది. కార్డు చూసి ఆ నెలలు ఇప్పుడే, బిడ్డ చంకలో ఉండగానే రాసి పెట్టుకోండి.

లంకల్లో ఉన్నవాళ్లు వినండి. వరద రోజుల్లో అప్పటికప్పుడు ఆలోచించకూడదు, ముందే తేల్చి ఉండాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ ఊరి పల్లాన్ని బట్టి ఏ హెచ్చరికకి ఏం చెయ్యాలో గోడ మీద రాయండి. ఉదాహరణకి మొదటిదానికి సంచీ సర్దడం, నీళ్ల టిన్నులు నింపడం. రెండోదానికి పసిపిల్లల్నీ, నెలలు నిండినవాళ్లనీ గట్టు దాటించడం. ఖాళీ చెయ్యమని అధికారులు ముందే చెప్తే అంతకి ముందే. సంచీలో ఆధార్, రేషన్ కార్డు, టీకా కార్డు ప్లాస్టిక్ కవర్లో, రోజూ వేసే మందులు వారానికి సరిపడా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్టు ఒకటి మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో అంటూ లెక్కలు వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. సంచీ ఎవరిది? పేరు రాయండి. "అందరిదీ" అని రాస్తే మళ్లీ మీదే.

ఇంత చేసినా నీరసం తగ్గలేదనుకోండి, అప్పుడు కాగితం పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే, గర్భిణికి 11 కంటే తక్కువుంటే, అది రక్తహీనత. దానితోపాటు థైరాయిడ్ కూడా చూడమని అడగండి. రక్తం లేని ఒంటికి పనుల పంపకం మందు కాదు.

బాలింతల విషయం వేరు. కాన్పయ్యాక మొదటి పది, పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకి నిద్ర పట్టకపోతే, బిడ్డని చూసినా ఏమీ అనిపించడం లేదంటే, డాక్టరుకి చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డని ఏమైనా చేసేస్తానేమోనని భయపడుతున్నా, ఎవరూ లేని చోట మాటలు వినపడుతున్నాయన్నా ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి. ఒంటరిగా వదలకూడదు, బిడ్డతో కూడా ఒంటరిగా వదలకూడదు. గాలి సోకిందంటారు, దిష్టి అంటారు. దిష్టి తియ్యండి, నేను అడ్డు చెప్పను. తీసి వెంటనే ఆటో ఎక్కించండి. ఆటో లేకపోతే 108.

మాట్లాడడానికి ఎవరూ లేరనుకుంటే టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది. డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. రాసుకున్నారా? నాన్నలు కూడా రాసుకోండి. ఆ ఫోను చెయ్యాల్సిన రోజున చాలాసార్లు చేసేది మీరే.

బయట బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టాం. ఇంటికి పట్టుకెళ్లి రాస్తాం అంటే రాయరని తెలుసు, భోజనాలకి ఇంకా అరగంట ఉంది, ఇక్కడే మొదలుపెట్టండి. జంటగా వచ్చినవాళ్లు చెరొక కాగితం విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోండి. ప్రశ్నలు ఉన్నవాళ్లు అడగండమ్మా, ఆ ముందు వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, మీరు చెప్పండి.